మాయమయ్యే పళ్లెం

మా అమ్మాయికి ఆరో తరగతిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. దగ్గర్లో ఉన్న నీళ్లలో ఏదో ఒకటి నెల రోజుల పాటు కొలవాలి. మిగతా పిల్లలు కుళాయి కింద బకెట్ పెట్టి, నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి వారంలో పని ముగించారు. మాది ఏడాది దాటింది, ఇంకా నడుస్తూనే ఉంది. తప్పు నాదే. నాది ఆడిట్ ఉద్యోగం. వరసగా అంకెలు రాసిన పుస్తకాన్ని మధ్యలో ఆపెయ్యడం నా వల్ల కాదు.

మేం కొలిచేది చెరువు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయన్నది. చోటు, చెరువు గట్టున ఉన్న చిన్న పార్కు. దాన్ని పార్కు అనడం కూడా కొంచెం మొహమాటానికే. ఒక గేటు, ఆరు బెంచీలు (వాటిలో నీడ పడేవి రెండు), ఒక బాత్రూముల గది, నీళ్లలోకి పదిహేను అడుగులు పొడుచుకొచ్చిన చెక్క వంతెన. అంతే. పొద్దున తీస్తారు, పొద్దు గూకే వేళకి మూసేస్తారు. గేటు పక్కన బోర్డు మీద నియమాలు ఉంటాయి గానీ, ఎండకి అక్షరాలు వెలిసిపోయి ‘ఈత కొట్టరాదు’లో ‘రాదు’ ఎగిరిపోయింది. ఇప్పుడది ‘ఈత కొట్ట’ అని ఉంది. వచ్చిన ప్రతి కాలేజీ కుర్రాడూ దాని పక్కన నిలబడి ఫొటో దిగుతాడు.

కొలిచే పరికరం పేరు సెక్కీ డిస్క్. ఏంజెలో సెక్కీ అని ఇటలీలో ఒక ఖగోళ శాస్త్రవేత్త, చర్చి ఫాదరు కూడా. నక్షత్రాలను వాటి వెలుగును బట్టి వర్గాలుగా విడదీసిన తొలితరం వాళ్లలో ఒకడు. ఆకాశం చూసే ఆ పెద్దమనిషిని 1865లో పోపు గారి ఓడ ఎక్కించుకుని మధ్యధరా సముద్రం మీదకి తీసుకెళ్లి, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తేల్చమన్నారు. ఆయన తెల్లటి పళ్లేలు తాడుకి కట్టి నీళ్లలోకి దించి, ఏ లోతులో కంటికి కనబడకుండా పోతాయో చూశాడు. నూట అరవై ఏళ్లవుతోంది. ఇన్ని మీటర్లూ సెన్సర్లూ వచ్చాక కూడా, చెరువుల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ పళ్లెం దించుతూనే ఉన్నారు. సెక్కీది ఒట్టి తెల్ల పళ్లెం. నలుపు తెలుపు గళ్ల వేషం తర్వాత వచ్చింది. చెరువులకి వాడేది సాధారణంగా ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది.

మాది ఇంట్లో వాడకం మానేసిన స్టీలు మూత. నాలుగు భాగాలు చేసి రెండు నలుపు, రెండు తెలుపు రంగు వేశాం. నడిమధ్య చిల్లు పెట్టి, బరువుకి ఒక పెద్ద నట్టూ బోల్టూ బిగించాం. తాడుకి పది సెంటీమీటర్లకో గీత, మీటరుకో ఎర్ర గీత. మొదట కట్టిన నైలాన్ తాడు తడిసి సాగింది. ఇంటికొచ్చి టేపు పెట్టి చూస్తే మీటరుకి మూడు సెంటీమీటర్లు తేడా. మొదటి రెండు వారాల లెక్కలూ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాం. “మూడు సెంటీమీటర్లే కదా నాన్నా” అంది పిల్ల. ఆఫీసులో కూడా అందరూ ఇలాగే అంటారు.

పద్ధతి ఇది. పది నుంచి రెండు గంటల మధ్య, సూర్యుడు బాగా పైన ఉన్నప్పుడు వెళ్లాలి. వంతెనకి నీడ పడే వైపు బోర్లా పడుకోవాలి. ఎండ వైపైతే నీళ్ల మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు. నల్ల కళ్లద్దాలు తీసెయ్యాలి. పళ్లెం నెమ్మదిగా దించుతూ, మాయమైన చోట తాడు మీద ఒక చేత్తో పట్టుకోవాలి. తర్వాత పైకి లాగుతూ, మళ్లీ కనబడిన చోట రెండో గుర్తు. రెండింటికీ సగటు కట్టి రాసుకోవాలి. రెండు నిమిషాల పని. మాకు అరగంట పడుతుంది, ఎందుకంటే బోర్లా పడుకున్నాక లేవబుద్ధి కాదు.

నిలబడి చూస్తే చెరువంటే ఒక పెద్ద మెరుపు. పడుకుని, గడ్డం చెక్క మీద ఆనించి చూస్తే అదొక ఊరు. నీళ్ల మీద నడిచే సన్నకాళ్ల పురుగులు, వాటి కాళ్ల కింద నీటి తోలు గుంటలు పడటం, ఆ గుంటల నీడలు అడుగున నల్ల చుక్కల్లా కదలడం. చెయ్యి ఆడిస్తే అన్నీ ఒక్కసారే ఒకే వైపు తిరిగే చేపపిల్లలు. అవతలి మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి. దాని ఈకలు బాతు ఈకల్లా నీళ్లని విదిలించుకోవు, పైపైన తడుస్తాయి. అందుకే మునగడం దానికి తేలిక, ఆరడమే కష్టం. మునిగి లేచిన ప్రతిసారీ అలా రెక్కలు చాపుకుని దండెం మీద చొక్కాలా నిలబడుతుంది.

మొదటి లెక్క 90 సెంటీమీటర్లు. పుస్తకంలో రాసి కింద సంతకం కూడా పెట్టించాను. వానలు మొదలయ్యాక అది 40కి పడిపోయింది. చలికాలంలో మెల్లగా ఎక్కి, ఒక ఆదివారం 120 తగిలింది. అప్పుడు మా ఇద్దరికీ ఏదో మేమే చెరువు కడిగినంత సంబరం. ఎండలు ముదిరాక మళ్లీ 35.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. వానాకాలంలో 40, ఎండాకాలంలో 35. పుస్తకంలో రెండూ ఒకేలా కనబడతాయి. కానీ చెరువు దగ్గర నిలబడ్డవాళ్లెవరూ రెండూ ఒకటే అనరు. మొదటిది వాగుల్లోంచి కొట్టుకొచ్చిన మట్టి. రెండోది పచ్చదనం, కంటికి కనబడనంత చిన్న నాచు కోట్లకొద్దీ పుట్టి నీళ్లలో తేలుతూ ఉండటం. మట్టైతే నాలుగు రోజులు కదిలించకుండా వదిలేస్తే చాలావరకు అడుక్కి దిగుతుంది. నాచు అలా కాదు. పళ్లెం ఎక్కడ మాయమైందో చెబుతుంది గానీ ఎందుకు మాయమైందో చెప్పదు. పిల్ల తనంతట తానే పుస్తకంలో ‘రంగు’ అని ఇంకో గడి గీసింది. తన క్రేయాన్ల పెట్టెలోంచి దగ్గరగా ఉన్న రంగు తీసి ఆ గడిలో గీకుతుంది. చెరువుల చదువుకి లిమ్నాలజీ అని పేరు పెట్టి దాన్ని శాస్త్రంగా నిలబెట్టిన స్విట్జర్లాండ్ ఆయన ఫొరెల్ కూడా, నీటి రంగుని పోల్చి చూసుకోవడానికి రంగునీళ్ల గాజు గొట్టాల వరస తయారుచేశాడని నాకు తర్వాత తెలిసింది. తర్వాతి వాళ్లు దాన్ని పెంచి మొత్తం 21 రంగులు చేశారు. మా పెట్టెలో పన్నెండే.

ఆ పచ్చదనం దగ్గరే నాకు పార్కు వాళ్ల మీద కోపమొచ్చింది.

చలికాలం చివర్లో ఒడ్డు వెంబడి ఉన్న జమ్ముగడ్డినంతా కోయించేశారు. ‘వ్యూ’ కోసమట. బెంచీ మీద కూర్చున్నవాళ్లకి నీళ్లు కనబడాలట. కోసిన చోట మట్టి సర్ది, అంచు దాకా పచ్చిక తివాచీలా పరిచారు, దానికి ఎరువు చల్లారు. చూడ్డానికి క్యాలెండర్ బొమ్మలా తయారైంది. వచ్చిన వాళ్లంతా బాగుందన్నారు. నేనూ అన్నాను, అబద్ధం ఎందుకు.

కానీ జమ్ము ఊరికే నిలబడి ఉండదు. దాని మొదళ్ల మధ్య నీళ్లు మందగించి మట్టి దిగిపోతుంది. ఒడ్డు నుంచి వచ్చే ఎరువులో కొంత అక్కడే ఆగిపోతుంది, కొంతని జమ్మే తాగేస్తుంది. గాలికి లేచే అలలు ఒడ్డుని కొరక్కుండా కాస్తుంది. నీటికోళ్లు గూళ్లు పెట్టేది అందులోనే. పచ్చికకి చల్లిన ఎరువుకి మాత్రం తాను గడ్డి కోసమా నాచు కోసమా అన్న పట్టింపు ఉండదు. పెద్ద వాన పడితే నేరుగా నీళ్లలోకి జారుతుంది.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. కెనడాలోని ఒంటారియోలో పరిశోధన కోసమే పక్కన పెట్టిన చెరువులు కొన్ని ఉన్నాయి. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు చెరువుని నడుము దగ్గర ప్లాస్టిక్ తెర కట్టి రెండు ముక్కలు చేసింది. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో సగంలో ఆ రెండింటితో పాటు, ఎరువుల్లో ఉండే ఫాస్ఫరస్ కూడా. ఫాస్ఫరస్ పడిన సగం పచ్చగా అయిపోయింది. పైనుంచి తీసిన ఫొటోలో తెరకి ఇటు నల్లటి నీళ్లు, అటు చిలకపచ్చ. ఆ ఒక్క ఫొటో వంద పేజీల రిపోర్టు చెయ్యలేని పని చేసింది. బట్టల సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్ తగ్గించాలని చట్టాలు వచ్చిన రోజుల్లో అందరూ చూపించిన సాక్ష్యాల్లో అదొకటి.

ఇక మా చెరువులో 35కి కారణం జమ్ము కోయడమేనని నేను సంతకం పెట్టి చెప్పగలనా అంటే, లేదు. ఎండ ఎక్కువైంది, నీళ్లు తగ్గాయి, ఆ ముందేడాది లెక్క మా దగ్గర లేదు. ఆధారం లేని ఎంట్రీ నేను పాస్ చెయ్యను. కాకపోతే అనుమానం అనే గడి ఒకటి పుస్తకంలో ఉంటే అక్కడ మాత్రం రాస్తాను. పిల్లా నేనూ కలిసి ఒక ఉత్తరం రాశాం, లెక్కల కాపీ జత చేసి. జవాబు రాలేదు. ఈ ఏడాది తూము వైపు మూల మాత్రం కొంచెం జమ్ము కోయకుండా వదిలేశారు. మా ఉత్తరం వల్లో, కోసే మనిషి ఆ పూట రాకో తెలీదు.

పచ్చని నీళ్ల గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే చాలామంది అడుగుతారు. ఒక పుల్లతో కదిపి ఎత్తండి. జుట్టులా, దారాల్లా పుల్లకి చుట్టుకుని లేస్తే అది మామూలు నాచు, చూడ్డానికి చిరాకు తప్ప పెద్ద భయం లేదు. అలా లేవకుండా రంగు డబ్బాలో ముంచినట్టు పుల్లకి పచ్చ పూత అంటితే అది నీలి ఆకుపచ్చ బాక్టీరియా అయ్యుండొచ్చు. వాటిలో కొన్ని రకాలు విషం చేస్తాయి. అప్పుడు పిల్లల్ని, కుక్కల్ని నీళ్ల దగ్గరికి పోనివ్వకండి. కుక్కలకి మరీ ప్రమాదం, తడిసిన ఒళ్లు నాక్కుంటాయి కాబట్టి. బాతులకి బ్రెడ్డు వేసేవాళ్లకి కూడా ఇక్కడే చెప్పేస్తాను: అవి తినగా మిగిలింది అడుగున కుళ్లుతుంది, కుళ్లడానికి నీళ్లలోని ఆక్సిజన్ కావాలి. రాత్రంతా ఎండ లేక మొక్కలు కూడా ఆక్సిజన్ తయారుచెయ్యకుండా వాడుకుంటూనే ఉంటాయి కనక తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. గేటు తీసిన వెంటనే వెళ్తే కొన్ని రోజులు చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తూ కనబడతాయి. మా వాచ్‌మన్ దాన్ని “పొద్దున్నే పలకరింపు” అంటాడు. ఆయన మనసు పాడుచెయ్యడం ఇష్టం లేక నేనేం చెప్పలేదు.

వాచ్‌మన్ గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. పిల్ల ఆయన్ని తాతా అంటుంది, ఆయన దాన్ని ‘కొలతల మేడమ్’ అంటాడు. ఆయనకి కుర్చీ ఉంది గానీ కూర్చోగా నేను చూసింది తక్కువ. గేటు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి గేటు దాకా తిరుగుతూనే ఉంటాడు. ఎవరితోనైనా మాట్లాడుతున్నా మొహం వాళ్ల వైపు ఉండదు. మొదట్లో నాకది మర్యాదలేనితనంగా అనిపించింది.

పిల్ల పరీక్షలని మూడు ఆదివారాలు వెళ్లలేకపోయాం. పుస్తకంలో ఖాళీలు ఉంటాయన్న బాధ నాది. డిస్క్ ఆయన చేతికిచ్చి, పద్ధతంతా చెప్పి, “కొంచెం రాసి పెట్టండి” అని బతిమాలాను. “దానిదేముంది సార్” అన్నాడు. తిరిగొచ్చాక కాగితం ఇచ్చాడు. మూడు వారాలకీ ఒకటే లెక్క: మూరన్నర, మూరన్నర, మూరన్నర.

మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. మూరన్నర అంటే డెబ్బై సెంటీమీటర్లకి కొంచెం అటూ ఇటూ. నమ్మదగిన అంకే. కానీ మధ్యలో ఒక వారం పెద్ద వాన పడింది. వాన పడ్డాక కూడా నీళ్లు అంగుళం తేడా లేకుండా మూరన్నరే ఉన్నాయా? ఇరవై రెండేళ్లుగా వోచర్లు చూస్తున్నవాణ్ణి. వరసగా మూడు గడుల్లో ఒకే అంకె కనబడితే నా ఒళ్లు దానంతటదే జలదరిస్తుంది. ఆయన డిస్క్ దించలేదు. నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఏమీ అనలేదు గానీ, పుస్తకంలో ఆ మూడు వారాలకీ పెన్సిల్‌తో అడ్డగీత కొట్టాను. ఆయన చూశాడనే అనుకుంటా.

తర్వాతి ఆదివారం జనం ఎక్కువగా ఉన్నారు. నేను వంతెన మీద నీడ వైపు పడుకుని డిస్క్ దించుతున్నాను. పిల్ల పక్కన పుస్తకం పట్టుకుని ఉంది. తెల్ల ముక్కలు పచ్చబడి, మసకబడి, ఇప్పుడో ఇంకాసేపటికో మాయమవుతాయనగా నా వెనక చెక్కలు దడదడలాడాయి. ఎవరో పరిగెత్తారు. ధబ్బున నీళ్లు లేచాయి. తిరిగి చూసేసరికి వంతెనకి అవతలి వైపు, నడుం లోతు నీళ్లలో వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు, ఒళ్లు తడిసిన ఒక పిల్లాణ్ణి భుజానికి ఎత్తుకుని. ఆరేళ్లుంటాయేమో. వాడు అప్పుడు దగ్గాడు, ఆ తర్వాతే ఏడుపు. వాళ్ల అమ్మా నాన్నా పది అడుగుల్లో బెంచీ మీద ఉన్నారు. మేమైతే వాడికి ఏడెనిమిది అడుగుల దూరంలో, అదీ నీళ్లనే చూస్తూ ఉన్నాం. ఏ చప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చి చదివాను. అమెరికాలో చాలా ఏళ్లు లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన, మునిగిపోతున్నవాళ్లు నిజంగా ఎలా కనబడతారో ఫిల్ములు తీసి పరిశీలించాడు. అరుపులుండవు. చేతులు ఊపడం ఉండదు. నోరు నీళ్లలోకీ పైకీ వెళ్లొస్తుంటే దొరికిన క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, కేక ఎక్కడ వేస్తారు? చేతులు వాటంతటవే పక్కలకి చాచి నీళ్లని కిందికి నొక్కుతాయి. పైన ఉండే సమయం ఇరవై నుంచి అరవై సెకన్లు. దూరం నుంచి చూస్తే పిల్లాడు నీళ్లలో ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షలు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ల లోపు పిల్లలు.

దానికితోడు నీళ్లు లోతు విషయంలో అబద్ధం చెబుతాయి. వెలుగు నీళ్లలోంచి గాల్లోకి వస్తూ వంగుతుంది కదా, నాలుగడుగుల అడుగు నిటారుగా పైనుంచి చూసినా మూడడుగుల్లోనే ఉన్నట్టు కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా దగ్గర. వంతెన అంచున కూర్చుని కాలు దించిన పిల్లాడికి అడుగు అందుతుందనే అనిపిస్తుంది. ఇన్నాళ్లూ సెంటీమీటర్లతో కుస్తీ పడిన నాకు ఈ సంగతి తట్టనే లేదు.

ఆ పూట గొడవ సద్దుమణిగాక వాచ్‌మన్ చొక్కా పిండుకుంటూ వంతెన మీద కూర్చున్నాడు. అలా కూర్చోవడం చూసింది అప్పుడే. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఆయనే అన్నాడు:

“ఆ మూరన్నర సంగతి సార్. మొదటి వారం దించాను, నిజంగానే. ఆ పళ్లెం మాయమయ్యేదాకా దాన్నే చూస్తూ ఉండాలన్నారు మీరు. రెప్ప వెయ్యకుండా చూడాలి. అంతసేపు నేను పళ్లేన్ని చూస్తే ఒడ్డునున్నోళ్లని ఎవరు చూస్తారు?”

పిల్ల పుస్తకం తెరిచి, రబ్బరు తీసుకుని, మొదటి వారం మీద నేను కొట్టిన అడ్డగీత చెరిపేసింది. మిగతా రెండూ ఉంచింది. దాన్ని చూసి ఆయన నవ్వాడు.

అప్పుడు గుర్తొచ్చింది తాడు. పిల్లాణ్ణి చూసి లేచినప్పుడు నా చేతిలోంచి వదిలేశాను. కొస కట్టి పెట్టుకోవాలన్న ఆలోచన అప్పటిదాకా రాలేదు. వంతెన కొస దగ్గర లోతు 190 సెంటీమీటర్లు. మొదటి రోజునే రాయి కట్టి కొలిచాం. ఆ లోతులో మా స్టీలు మూత, నట్టూ బోల్టుతో సహా, ఎక్కడో బురదలో కూర్చుంది. ఆ ఆదివారం గడిలో పిల్ల ‘లేదు’ అని రాసింది.

కొత్తది చేశాం. ఇది కొంచెం పెద్ద మూత, అంచులు రాకి ఇరవై సెంటీమీటర్లు చేశాను. తాడు కొస ఇప్పుడు వంతెన గుంజకి కడతాం. ఒకరు పళ్లెం చూస్తుంటే ఇంకొకరు వంతెనకి రెండు వైపులా చూడాలి, వంతుల ప్రకారం. దించే ముందు పాతదేమైనా కనబడుతుందేమోనని ఇద్దరం బోర్లా పడుకుని ఒకసారి అడుక్కి చూస్తాం. అది కనబడాలంటే చెరువు 190 దాకా తేటబడాలి, అదీ ఈలోపు బురద దాన్ని కప్పెయ్యకపోతే.

మొన్న ఆదివారం కూడా చూశాం. కనబడలేదు. కొత్త పళ్లెం లెక్క 85, రంగు గడిలో ముదురాకుపచ్చ.